సర్రే కొండల సైకిల్ దారులు

ఇంగ్లండ్‌లో లండన్‌కు దక్షిణాన, నైరుతిన గిల్డ్‌ఫర్డ్, డార్కింగ్, రైగేట్ పట్టణాల చుట్టూ పరుచుకున్న అడవి గుట్టలను సర్రే కొండలు అంటారు. ఇక్కడి ఇరుకు పల్లె రోడ్లు వందేళ్లకు పైగా సైకిల్ యాత్రికుల విహార స్థలం. ఎత్తులు పెద్దగా చెప్పుకోదగ్గవి కావు. అన్నిటికన్నా ఎత్తైన లీత్ హిల్ 294 మీటర్లు, పేరు ఎక్కువగా వినిపించే బాక్స్ హిల్ 224 మీటర్లు. కానీ ఎక్కడం, దిగడం, మళ్లీ ఎక్కడం తప్ప చదునైన నేల దొరకదు కాబట్టి యాభై కిలోమీటర్లు తొక్కేసరికి కాళ్లు చెప్పిన మాట వినవు. ప్రభుత్వం 1958 మే 8న ఈ 422 చదరపు కిలోమీటర్ల ప్రాంతాన్ని విశిష్ట ప్రకృతి సౌందర్య ప్రాంతంగా ప్రకటించింది. అందులో ఐదింట రెండు వంతులు అడవే. ఇంగ్లండ్ కౌంటీల్లో అడవి శాతం అత్యధికంగా ఉన్నది కూడా సర్రేలోనే.

ఈ దారుల్ని సైకిళ్ల కోసం ఎవరూ వేయలేదు. ప్రశాంతంగా ఉండాలనీ ఎవరూ అనుకోలేదు. బండ్లు, కోచ్‌లు, కార్లు తమకు అనువైన మార్గం చూసుకుని వేరే వైపు పోగా మిగిలిపోయిన రోడ్లు ఇవి. సైకిల్‌వాళ్లు కూడా మొదట పెద్ద రోడ్డు మీదే తిరిగారు, అక్కడ బతకనివ్వక ఇటు మళ్లారు. ఈ దారుల చరిత్ర చాలామటుకు పక్కన ఉన్న పెద్ద రోడ్ల చరిత్రే.

నేల, డొంకలు

ఉత్తరాన సుద్దరాతి గుట్టల వరుస ఉంది, దాన్నే నార్త్ డౌన్స్ అంటారు. లండన్ వైపు వాలు మెల్లగా లేచి, దక్షిణం వైపు ఒక్కసారిగా కిందికి పడిపోతుంది. దాని కింద సన్నటి లోయ. డార్కింగ్ నుంచి గిల్డ్‌ఫర్డ్‌కు వెళ్లే ఏ25 రోడ్డు ఆ లోయలోనే సాగుతుంది. లోయ దాటితే ఇసుకరాతి గుట్టలు: లీత్ హిల్, హోమ్‌బరీ హిల్, పిచ్ హిల్. ఆ తర్వాత వీల్డ్ అనే బంకమట్టి మైదానం.

పాత దారులు ఈ పొరలన్నిటికీ అడ్డంగా, ఉత్తర దక్షిణాలుగా నడుస్తాయి. దానికి కారణం ఉంది. పూర్వం ఇక్కడి ఊరి పొలిమేరలు నిలువు చీలికల్లా ఉండేవి. ప్రతి ఊరికీ సుద్దనేల మీద గొర్రెల మేత, లోయలో దుక్కి భూమి, దక్షిణాన అడవి, అన్నిటిలో తలా కాస్త వాటా ఉండాలి. పందుల్ని ఓక్ పళ్ల కోసం వీల్డ్ అడవికి తోలుకుపోవాలన్నా, కట్టెలు పైకి తేవాలన్నా గుట్ట ఎక్కి దిగాల్సిందే. పశువులు నడిచిన దారి కాబట్టి వంకర టింకరలు తక్కువ, నిట్టనిలువు ఎక్కువ. ఈనాడు వైట్ డౌన్ లేన్ మీద సైకిల్ దిగి నడిపించుకుపోయేవాడు నిందించాల్సింది ఆ పొలిమేరల్నే. ఆ రోడ్డు కొన్నిచోట్ల 18 శాతం వాలుతో లేస్తుంది.

ఇసుకరాతి గుట్టల మీద ఈ దారులు లోతైన డొంకలుగా మారాయి. బండి చక్రాలు, గిట్టలు మెత్తని నేలను వదులు చేస్తే వాన దాన్ని కడుక్కుపోయింది. శతాబ్దాల పాటు ఇదే జరిగేసరికి దారి చుట్టుపక్కల నేలకన్నా కొన్ని మీటర్లు కిందికి దిగిపోయింది. డార్కింగ్ నుంచి కోల్డ్‌హార్బర్ ఊరికి ఎక్కే రోడ్డు ఇందుకు మంచి ఉదాహరణ. రెండు పక్కలా తేనెరంగు ఇసుక గోడలు, గోడల్లోంచి పాత మర్రి ఊడల్లా పైకి తేలిన బీచ్ చెట్ల వేళ్లు, వాటి మీద నాచు. పైన కొమ్మలు రెండు వైపుల నుంచీ కలుసుకుని ఆకాశాన్ని మూసేస్తాయి. ఎండాకాలం మధ్యాహ్నం కూడా లోపల చల్లగా, చీకటిగా ఉంటుంది. ఎండలోంచి ఒక్కసారిగా లోపలికి దూరినవాడికి గుంత కనిపించడానికి క్షణం పడుతుంది. ఆ క్షణంలోనే గుంత వస్తుంది.

రోడ్డు వెడల్పు ఒక్క కారుకు సరిపోయేంతే. నడుమ నాచు పట్టిన గీత, వాన పడిన మర్నాడు వంపుల దగ్గర కొట్టుకొచ్చిన ఇసుక. అక్టోబరులో తడిసిన బీచ్ ఆకులు బ్రేకు వేస్తే జారతాయి. సుద్దనేల వైపు బాధ వేరు. అక్కడ చెకుముకి రాళ్లు విరిగి కత్తి అంచులా తేలతాయి, టైరు కోసుకుపోతుంది. చలికాలంలో రైతులు కంచె పొదల్ని కత్తిరించిన వారం రోజులూ ముళ్లన్నీ రోడ్డు మీదే. స్థానిక క్లబ్బుల్లో పంక్చర్ల లెక్క ఆ వారాన్ని బట్టే పెరుగుతుంది.

1555లో వచ్చిన రహదారుల చట్టం ప్రకారం ఊరి రోడ్డు బాగు చేసే భారం ఊరివాళ్లదే. ఏడాదికి మొదట నాలుగు రోజులు, తర్వాత ఆరు రోజులు కూలి లేకుండా వెట్టి చేయాలి. ఈ పద్ధతి 1835 దాకా నడిచింది. వెట్టి పని ఎంత శ్రద్ధగా సాగి ఉంటుందో చెప్పనక్కర్లేదు. ఈలోగా 18వ శతాబ్దంలో సుంకం వసూలు చేసే ట్రస్టులు లండన్ నుంచి పోర్ట్స్‌మత్‌కు, హోర్షమ్‌కు వెళ్లే రోడ్లను రాళ్లు పోసి బాగు చేశాయి. వ్యాపారమంతా ఆ రోడ్ల మీదికి పోయింది. గుట్టల మీది డొంకలు గొర్రెల కాపరులకూ కట్టెల బండ్లకూ మిగిలాయి.

రిప్లీ రోజులు

సైకిల్‌వాళ్లు మొదట వచ్చింది ఈ డొంకలకు కాదు. లండన్ నుంచి కింగ్‌స్టన్, ఈషర్ మీదుగా రిప్లీ ఊరికి వెళ్లే పోర్ట్స్‌మత్ రోడ్డుకు. రైలు వచ్చాక కోచ్‌లు ఆగిపోయి ఆ రోడ్డు బోసిపోయింది. దారి పొడుగునా సత్రాలు ఈగలు తోలుకుంటున్నాయి. ముందు చక్రం మనిషి ఛాతీ ఎత్తుండే ఆనాటి సైకిల్‌కు కావలసింది సరిగ్గా ఇలాంటి రోడ్డే: చదును, ఖాళీ, మధ్యలో తిండి. ఆ సైకిల్ మీద నిటారు దిగుడు దిగడమంటే తల ముందుకు పడి మెడ విరగ్గొట్టుకోవడమే కాబట్టి కొండల జోలికి పోయినవాళ్లు తక్కువ.

రిప్లీలో యాంకర్ అనే సత్రం ఉంది. దాన్ని నడిపిన డిబుల్ కుటుంబపు ఆడపిల్లలు యానీ, హ్యారియట్ దుమ్ము కొట్టుకుని వచ్చిన సైకిల్‌వాళ్లను మొహం చిట్లించకుండా ఆదరించారు. ఆ రోజుల్లో అది మామూలు విషయం కాదు. చాలా సత్రాలు వాళ్లను గడప తొక్కనిచ్చేవి కావు. 1880లు, 90లలో ఆదివారాలు యాంకర్‌కు వందలాది మంది వచ్చేవారు. అందరూ సంతకాలు చేసిన సందర్శకుల పుస్తకాలు నిండిపోయాయి. ఆ అక్కచెల్లెళ్ల జ్ఞాపకార్థం సైకిల్‌వాళ్లు చందాలు వేసుకుని ఊరి చర్చిలో గుర్తులు పెట్టించారు. సత్రం నడిపినవాళ్లకు బేరానికొచ్చినవాళ్లు చర్చిలో స్మారకం కట్టించడం అరుదే.

1878 ఆగస్టులో హారోగేట్‌లో బైసికిల్ టూరింగ్ క్లబ్ పుట్టింది. 1883లో సైక్లిస్ట్స్ టూరింగ్ క్లబ్‌గా పేరు మార్చుకుంది. ఈ క్లబ్బు యాత్రికులకు మర్యాదగా బస ఇచ్చే సత్రాలతో ఒప్పందం చేసుకుని వాటి గోడలకు రెక్కల చక్రం గుర్తున్న ఇనుప పలకలు బిగించింది. ప్రమాదకరమైన దిగుడు ముందు హెచ్చరిక బోర్డులు పాతించింది. రోడ్ల బాగు కోసం 1886లో మరో సైకిల్ సంఘంతో కలిసి రోడ్స్ ఇంప్రూవ్‌మెంట్ అసోసియేషన్‌ను పెట్టింది. ఇంగ్లండ్‌లో మంచి రోడ్ల కోసం గొంతెత్తినవాళ్లలో సైకిల్‌వాళ్లు ముందున్నారు. దాని ఫలం కార్లవాళ్లు తిన్నారన్నది వేరే సంగతి. 1888 నాటి స్థానిక ప్రభుత్వ చట్టం సైకిల్‌ను వాహనంగా గుర్తించి రోడ్డు మీద హక్కు ఇచ్చింది. ఎవరినైనా దాటేటప్పుడు గంట కొట్టి తీరాలనీ చెప్పింది.

కొండలు అందుబాటులోకి తెచ్చింది యంత్రమే. 1885లో జాన్ కెంప్ స్టార్లీ రోవర్ సైకిల్ తయారుచేశాడు. రెండు చక్రాలూ ఒకే ఎత్తు, పెడల్ నుంచి వెనక చక్రానికి గొలుసు. 1888లో డన్‌లప్ గాలి టైరు వచ్చింది. తొక్కకుండా దొర్లే ఫ్రీవీల్, పనిచేసే రిమ్ బ్రేకులు, 20వ శతాబ్దం మొదట్లో స్టర్మీ-ఆర్చర్ మూడు గేర్ల హబ్ ఒకదాని వెనక ఒకటి వచ్చి చేరాయి. దాంతో డార్కింగ్ దాటి లీత్ హిల్ ఎక్కడం గుమాస్తాకు కూడా ఆదివారపు పని అయింది. 1895లో వోకింగ్‌లో కాపురం పెట్టిన రచయిత హెచ్.జి.వెల్స్ ఈ రోడ్ల మీదే తిరిగి, మరుసటి ఏడు ‘ద వీల్స్ ఆఫ్ ఛాన్స్’ నవల అచ్చు వేశాడు. బట్టల కొట్లో పనిచేసే కుర్రవాడు సెలవు పెట్టి సైకిల్ మీద దక్షిణానికి బయల్దేరడమే దాని కథ.

ఆడవాళ్లకు దారి ఇంత తేలిగ్గా తెరుచుకోలేదు. పొడవాటి గౌనుతో తొక్కితే గొలుసులో చిక్కుకుంటుంది. మోకాళ్ల కింద బిగించిన పంట్లాం తొడిగితే లోకం బుగ్గలు నొక్కుకుంటుంది. ఆడవాళ్లకు సౌకర్యమైన దుస్తులు కావాలని 1881 నుంచి ఉద్యమం నడిపిన వైకౌంటెస్ హార్బర్టన్ 1898లో రిప్లీ దగ్గరి ఆకమ్‌లో హాట్‌బాయ్ అనే హోటల్‌కు పంట్లాంతోనే వెళ్లింది. యజమానురాలు ఆమెను కాఫీ గదిలోకి రానివ్వక, మగవాళ్లు పొగ తాగే బార్ గది చూపించింది. సైక్లిస్ట్స్ టూరింగ్ క్లబ్ కేసు వేసింది. 1899లో కింగ్‌స్టన్‌లో విచారణ జరిగింది. భోజనం పెట్టను అనలేదు కదా, గది మాత్రమే వేరు కదా అన్న వాదన నెగ్గి యజమానురాలు బయటపడింది. కేసు ఓడినా పత్రికలు దాన్ని పట్టుకుని చాలా కాలం వదల్లేదు.

పెద్ద రోడ్డు వదిలి

కారు రావడంతో రిప్లీ రోడ్డు సుఖం పోయింది. అప్పటికింకా తారు లేదు, ఒక్క కారు వెళితే వెనక ఫర్లాంగు పొడవునా దుమ్ము. వేగంగా పోయే కార్లను పట్టుకోవడానికి పోలీసులు పొదల్లో మాటు వేసేవారు. ఆ మాటుల గురించి డ్రైవర్లకు ముందే చెప్పడానికి 1905లో ఆటోమొబైల్ అసోసియేషన్ ఏర్పడింది. అది మొదట్లో ఈ పనికి పెట్టుకున్నది సైకిల్ తొక్కే మనుషుల్నే. కారు వేగానికి సైకిల్ కాపలా కాసిన ఆ కొద్ది కాలం తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది.

పందేల సంగతి వేరేగా చెప్పాలి. పోలీసులతో గొడవలు భరించలేక జాతీయ సైకిల్ సంఘం 1890లలో రోడ్డు పందేల్ని నిషేధించింది. దానికి విరుగుడుగా ఎఫ్.టి.బిడ్‌లేక్ వంటివాళ్లు ఒక్కొక్కరినే గడియారంతో వదిలే పద్ధతి కనిపెట్టారు. తెల్లవారుజామున, గుర్తుపట్టకుండా నల్లబట్టల్లో, మార్గం పేరు బదులు సంకేత సంఖ్యతో ఈ పోటీలు జరిగేవి. కొండ ఎక్కే పోటీలకు ఇంకా పాత చరిత్ర ఉంది. క్యాట్‌ఫర్డ్ క్లబ్ 1887లో పొరుగున ఉన్న కెంట్ కౌంటీలో మొదలుపెట్టిన హిల్ క్లైంబ్ ప్రపంచంలో నేటికీ నడుస్తున్న సైకిల్ పోటీల్లో అతి పురాతనమైనదిగా పేరు పొందింది. ఇప్పుడది యార్క్స్ హిల్ అనే చెట్లు కమ్మిన డొంకలో అక్టోబరులో జరుగుతుంది.

విహారానికి వెళ్లేవాళ్లు మాత్రం మ్యాపు పట్టుకుని పక్కదారులు వెతకడం మొదలుపెట్టారు. బార్తలొమ్యూ సంస్థ వేసిన అరంగుళం మ్యాపులు, అంటే మైలుకు అరంగుళం చొప్పున గీసినవి, వాళ్ల చేతిలో భగవద్గీత. ఎత్తును బట్టి ఆకుపచ్చ నుంచి గోధుమరంగు దాకా పొరలుగా రంగులు వేసేవారు కాబట్టి చెమట ఎక్కడ పడుతుందో ముందే తెలిసేది. ఏ రోడ్డు బాగుంది, ఏది చెడిపోయింది అన్న సవరణలు టూరింగ్ క్లబ్ సభ్యులే రాసి పంపేవారు. చార్లెస్ హార్పర్ 1902లో లండన్ చుట్టూ సైకిల్ ప్రయాణాల మీద పుస్తకం తెచ్చాడు. వీటన్నిటికన్నా ఈ దారులకు ఒక రూపం ఇచ్చినవాడు చిత్రకారుడు ఫ్రాంక్ ప్యాటర్సన్ (1871–1952). ‘సైక్లింగ్’ పత్రికకూ, క్లబ్ గెజెట్‌కూ దాదాపు అరవై ఏళ్లు కలం, సిరాతో బొమ్మలు వేశాడు. మలుపులో రాళ్ల వంతెన, సత్రం గుమ్మంలో ఆనించిన రెండు సైకిళ్లు, దూరంగా చర్చి గోపురం. ససెక్స్‌లో పొలం ఇంట్లో ఉంటూ, తొక్కడం మానేసిన చాలా ఏళ్లకు కూడా ఫొటోలు చూసి ఇవే గీశాడు. అతని బొమ్మల్లో కార్లు దాదాపు కనిపించవు. 1930ల ఇంగ్లండ్ అలా లేదు. కానీ ఎలా ఉండాలని సైకిల్‌వాళ్లు కోరుకున్నారో తెలియాలంటే ఆ బొమ్మలే చూడాలి.

1934లో బ్రిటన్ రోడ్ల మీద 7,343 మంది చనిపోయారు. ఆ ఏడే పశ్చిమ లండన్‌లో ప్రభుత్వం పెద్ద రోడ్డు పక్కన మొదటి సైకిల్ ట్రాక్ తెరిచింది. బాక్స్ హిల్ పాదం దగ్గర మికిల్‌హామ్ బైపాస్‌కు కూడా అదే దశాబ్దంలో ట్రాకులు వేశారు. టూరింగ్ క్లబ్ వాటిని గట్టిగా వ్యతిరేకించింది. పక్కన ట్రాక్ ఇచ్చాక రోడ్డు మీది హక్కు లాగేసుకుంటారన్నది వాళ్ల భయం. ఆ భయం అర్థం లేనిదేమీ కాదు. అయితే ఆ పట్టుదల వల్ల తర్వాతి తరాలకు రోడ్డూ దక్కలేదు, ట్రాకూ దక్కలేదని నేటి సైకిల్ ఉద్యమకారుల్లో చాలామంది అంటారు.

అడవి మిగలడానికి దాతలు కూడా కారణం. లియోపోల్డ్ సాలమన్స్ బాక్స్ హిల్‌లో 230 ఎకరాలు కొని 1914లో నేషనల్ ట్రస్టుకు అప్పగించాడు. లేకపోతే లండన్ ఇళ్లు ఆ గుట్ట మీదికి పాకేవే. 1930లో ఏర్పడిన యూత్ హాస్టల్స్ సంఘం 1935లో హోమ్‌బరీ సెయింట్ మేరీ పక్క అడవిలో ప్రత్యేకంగా హాస్టల్ కట్టించింది. శనివారం మధ్యాహ్నం పని ముగించుకుని లండన్‌లో బయల్దేరిన కుర్రకారు రాత్రికి అక్కడ తలదాచుకుని ఆదివారం గుట్టలన్నీ తిరిగేవారు.

ఖాళీ అయి, నిండి

బ్రిటన్‌లో 1949లో అందరూ కలిసి ఏడాదికి దాదాపు 2,400 కోట్ల కిలోమీటర్లు సైకిల్ తొక్కారు. 1970ల మొదట్లో అది 400 కోట్లకు పడిపోయింది. డొంకల మీద తారు పడింది, కానీ తొక్కేవాడు లేడు. 1986లో లండన్ చుట్టూ ఎం25 మోటార్‌వే పూర్తయి దూరపు కార్లను చాలామటుకు లాక్కుంది. మరుసటి అక్టోబరులో వచ్చిన మహా తుపాను దక్షిణ ఇంగ్లండ్‌లో కోటిన్నర చెట్లను కూల్చేసింది. లీత్ హిల్ వాలు మీద శతాబ్దాల నాటి మానులు దారులకు అడ్డంగా పడ్డాయి.

తిరిగి రావడం నెమ్మదిగా జరిగింది. బ్రిస్టల్‌లో 1977లో మొదలైన సస్ట్రాన్స్ సంస్థ 1995లో లాటరీ నిధుల నుంచి 4.35 కోట్ల పౌండ్లు సంపాదించి దేశవ్యాప్త సైకిల్ మార్గాల వల అల్లింది. సర్రే కౌంటీ కౌన్సిల్ పల్లె రోడ్లను కలిపి గుండ్రంగా ఒక మార్గానికి గుర్తులు పెట్టింది. 1965లో మూసేసిన గిల్డ్‌ఫర్డ్–క్రాన్‌లీ రైలు మార్గం డౌన్స్ లింక్‌లో భాగమై కాలిబాటగా, సైకిల్ బాటగా మారింది. వాహనాల వేగం తగ్గించి కొన్ని పల్లె దారుల్ని ‘ప్రశాంత మార్గాలు’గా ప్రకటించే అధికారాన్ని 2000 నాటి రవాణా చట్టం కౌన్సిళ్లకు ఇచ్చింది. ఆ అధికారం వాడుకున్న కౌన్సిళ్లు తక్కువ.

2012 ఒలింపిక్స్ వీటన్నిటినీ పక్కకు నెట్టేసింది. జులై 28న పురుషుల రోడ్డు పోటీ 250 కిలోమీటర్లు. లండన్ నుంచి సర్రే చేరి బాక్స్ హిల్ చుట్టూ తొమ్మిది సార్లు తిరిగి వెనక్కి. జిగ్ జాగ్ రోడ్డు అనే ఆ ఎక్కుడు రెండున్నర కిలోమీటర్లు, సగటున అయిదు శాతం వాలు. ఒక్కసారి ఎక్కితే కష్టం అనిపించదు, తొమ్మిదోసారి వేరు. ఇంగ్లండ్ అంతా బ్రిటన్ ఆటగాడు మార్క్ కావెండిష్ గెలుస్తాడని కూర్చుంది. అతను 29వ స్థానంలో వచ్చాడు, కజకస్తాన్ ఆటగాడు అలెగ్జాండర్ వినకూరొవ్ స్వర్ణం ఎత్తుకెళ్లాడు. మర్నాడు వానలో మహిళల పోటీ. వాళ్లు బాక్స్ హిల్‌ను రెండుసార్లే చుట్టారు. నెదర్లాండ్స్‌కు చెందిన మారియానె వోస్ గెలిచింది, బ్రిటన్‌కు లిజ్జీ ఆర్మిట్‌స్టెడ్ రజతం తెచ్చింది. అరుదైన మొక్కలు, సీతాకోకచిలుకలు తొక్కిడికి పోతాయని గుట్ట మీదికి టికెట్ ఉన్నవాళ్లనే పంపించారు. పోటీ కోసం కొత్తగా తారు వేసిన ఆ రోడ్డు మీద కళాకారుడు రిచర్డ్ లాంగ్ తెల్లరంగుతో నదిలా మెలికలు తిరిగే బొమ్మ గీశాడు.

ఆ తర్వాత బాక్స్ హిల్‌కు ఆదివారం ఖాళీ లేదు. 2013 నుంచి 2019 దాకా ఏటా రోడ్లు మూసి జరిపిన రైడ్‌లండన్–సర్రే 100 మైళ్ల ప్రయాణంలో ఇరవై వేలకు పైగా మంది ఇవే గుట్టలు ఎక్కేవారు. 2014లో తుపాను వల్ల లీత్ హిల్, బాక్స్ హిల్ రెండూ మార్గంలోంచి తీసేయాల్సి వచ్చింది. ఫోన్‌లో వేగం నమోదు చేసే యాప్‌లు జనాన్ని అవే నాలుగు ఎక్కుళ్ల మీదికి మళ్లించాయి. గోమ్‌షాల్ ఊరి వెనకో, రాన్‌మోర్ అవతలో ఉన్న డొంకలు మాత్రం ఎప్పటిలాగే ఖాళీ. గుర్రాలు పెంచేవాళ్లు, పొలాలకు ట్రాక్టరు తీసుకెళ్లేవాళ్లు, పెళ్లికో చావుకో వెళ్లాల్సినవాళ్లు ఏటా రోడ్డు మూయడంపై ఫిర్యాదు చేస్తూ వచ్చారు. ప్రజాభిప్రాయం తీసుకున్నాక సర్రే కౌన్సిల్ 2020లో ఇక మా దగ్గర వద్దంది. 2022లో ఆ కార్యక్రమం ఎసెక్స్‌కు తరలింది. వేలమంది ఒకేరోజు వస్తే ఏ డొంకైనా పెద్ద రోడ్డే అవుతుంది కాబట్టి కౌన్సిల్ నిర్ణయం తప్పుపట్టలేం.

చాలా కాలం పాటు ఈ దారుల్లో చాలావాటి మీద కార్ల గరిష్ఠ వేగం గంటకు 60 మైళ్లు ఉండేది. మలుపు అవతల ఏముందో కనిపించని మూడు మీటర్ల రోడ్డుకు ఇది హాస్యాస్పదం. కానీ వీధిదీపాలు లేని గ్రామీణ రోడ్డు అంటే చట్టానికి అన్నీ ఒకటే. 2022 జనవరి 29న సవరించిన హైవే కోడ్ సైకిల్‌ను దాటేటప్పుడు కారు కనీసం మీటరున్నర ఎడం ఇవ్వాలంటుంది. ప్రశాంతమైన రోడ్ల మీద సైకిల్‌వాళ్లు తమ లేన్ నడిమధ్యలోనే తొక్కాలనీ, వెనక వేగంగా వాహనం వస్తే, క్షేమమనిపించినప్పుడు ఎడమకు జరగాలనీ సలహా ఇస్తుంది. కోల్డ్‌హార్బర్ డొంకలో జరగడానికి చోటు లేదు. ఇసుక గోడల మధ్య మీటరున్నర లెక్క కుదరదు. కారు గేటు దగ్గరో, దారి కాస్త వెడల్పైన చోటో వచ్చేదాకా రెండో గేరులో సైకిల్ వెనకే రావాలి.